లీమా నీటి సొరంగం

బుధవారం ఉదయం ఏడుంబావుకు మేస్త్రి భూమేశ్ ఇరవై అడుగుల ఎత్తున్న పరంజ మీద నుంచి పడ్డాడు. అంబులెన్స్ వచ్చేసరికే ప్రాణం పోయింది. కాలు జారిందని సూపర్‌వైజర్ రాసుకున్నాడు.

దానికి పది నిమిషాల ముందు రఘుపతి ఫోన్‌కి ఓ వాయిస్ మెసేజ్ వచ్చింది.

"సార్, నేను జేసిన పని మీద ఎవలో చెయ్యి వెట్టిండ్రు. ఇప్పి మల్ల కట్టిండ్రు. ఏందో సూసి చెప్త..."

అంతే. రఘుపతి దాన్ని పదకొండుసార్లు విన్నాడు. భూమేశ్‌ను ఈ పనిలోకి దించింది తనే. మూడు నెలల క్రితం మస్కట్‌లో దార్సైట్ కృష్ణుడి గుడి బయట, చెప్పులు విడిచేచోట పరిచయం. "సైట్‌లో కొంచెం కళ్ళు తెరిచి ఉంచు, చాలు" అన్నాడు. భూమేశ్ తెరిచే ఉంచాడు.

మధ్యాహ్నానికి రఘుపతి దార్సైట్‌లోని ఓ రెండో అంతస్తు ఫ్లాట్‌లో ఉన్నాడు. లోపల వాణి స్కూల్ యూనిఫామ్ కుడుతోంది. ఆ వీధికి ఆమె టైలర్. ఢిల్లీ నిఘా సంస్థకు మస్కట్ స్టేషన్ చీఫ్. ఆమె మిషన్ తొక్కుతూనే మాట్లాడుతుంది. గోడ అవతల వాళ్ళకు ఆ చప్పుడే వినిపించాలి.

"భూమేశ్ పనిచేసింది ఎగ్జిబిషన్‌లోని లీమా పెవిలియన్‌లో," అంది. "పెరూ రాజధాని. అక్కడ టూరిస్టులు తప్పకుండా చూసే ఐదు చోట్లకు ఈ హాల్లో నమూనాలు కట్టారు. ప్లాజా మేయర్ చౌరస్తా. సాన్ ఫ్రాన్సిస్కో మఠం కింద ఎముకల నేలమాళిగలు. మట్టి ఇటుకల పాత పిరమిడ్. నిట్టూర్పుల వంతెన. ఆఖర్న నీటి సొరంగం. రెండు వైపుల నుంచి నీటిధారలు వంపు తిరిగి కలుస్తాయి, జనం కింద నుంచి నడిచిపోతారు. రేపు సాయంత్రం ఐదింటికి ఓపెనింగ్."

"మొదట నడిచేదెవరు?"

"పదకొండు దేశాల కోస్ట్‌గార్డ్ అధిపతులు. మీటింగ్ అయ్యాక సరదా ప్రోగ్రామ్." వాణి గుడ్డ తిప్పింది. "పెవిలియన్ డైరెక్టర్ పేరు క్రోల్. ఏ దేశం వాడో వాడికే గుర్తుండదు. సముద్రం మీద ఆయుధాలు దాటించే ముఠా నడుపుతున్నాడు. ఆ ముఠాకు మనం పెట్టిన పేరు కాండోర్. వాళ్ళకు అడ్డం పడేవాళ్ళంతా రేపు ఒకే కప్పు కింద ఉంటారు. ఓ విషవాయువు సిలిండర్ హాల్లోకి చేరింది. ఎక్కడుందో తెలీదు."

"ప్రోగ్రామ్ ఆపించొచ్చుగా?"

"సిలిండర్ దొరక్కుండా ఆపితే క్రోల్ జారిపోతాడు. వచ్చే నెల ఇంకో ఊరు, ఇంకో హాలు. ఒక ఒమానీ ఆఫీసర్‌కు మాత్రం చెప్పాను. హాలు బయట ఉంటాడు." ఆమె డ్రాయర్‌లోంచి మేస్త్రీలు వాడే రసమట్టం తీసి ఇచ్చింది. "మధ్యలో బుడగ చూడు. పచ్చగా ఉంటే ఫర్వాలేదు. ఆ గ్యాస్ జాడ తగిలితే ఎర్రబడుతుంది. వెనక బటన్ నొక్కితే ఆఫీసర్‌కు సిగ్నల్."

"లోపల మనవాళ్ళు?"

"జమీలా. హైదరాబాద్ అమ్మాయి. పెవిలియన్‌కి గైడ్. ఆర్నెల్లుగా మనకు సమాచారం ఇస్తోంది."

"నమ్మొచ్చా?"

"ఆమె చెప్పినవన్నీ నిజమే అయ్యాయి," అంది వాణి. "అన్నీ ఆలస్యంగానే చెప్పింది."

ఆ సాయంత్రం రఘుపతి మాసిన చొక్కా, సిమెంటు మరకల ప్యాంటుతో హమ్రియా పేటలో భూమేశ్‌తో కలిపి ఎనిమిది మంది కూలీలు ఉండిన రూమ్‌కి వెళ్ళాడు. ఒక మంచం మీద పరుపు చుట్టి ఉంది. దాని పక్కన ముసలి మేస్త్రి గంగన్న కూర్చున్నాడు.

"భూమేశ్ జాగల వచ్చినవా?"

"అవునే. కొత్త మేస్త్రిని."

గంగన్న అతని అరచెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. "సిమెంటు తినని చెయ్యి ఇది. భూమేశ్ చెప్పిన సారువు నువ్వేనా?"

రఘుపతి తల ఊపాడు.

"వాని పెండ్లాం శాంతవ్వకు ఫోన్ జేసింది నేనే. కాలు జారిందని చెప్పిన. ఇరవై ఏండ్ల సంది పరంజ మీద ఉన్నోడు జారుతడా సార్? అబద్ధమని నాకెరుకే." ముసలాయన అతని చెయ్యి వదిలాడు. "పొద్దున నాతోని రా. ఏం సూడాల్నో చెప్పు."

గురువారం. లేబర్ ఫోన్లన్నీ గేట్ దగ్గర తీసేసుకున్నారు. రఘుపతి తాపీ పట్టుకుని నమూనాలన్నీ చుట్టాడు. ఎక్కడ చూసినా గార్డులే. ఏ గోడ దగ్గరా అర నిమిషం నిలబడనివ్వలేదు. సాయంత్రం నాలుగున్నరకు వంతెన దగ్గర జమీలా ఒంటరిగా దొరికింది. ఎర్ర పట్టు గౌను, చెవులకు వెండి లోలకులు. అంతకు ముందే క్రోల్‌తో స్పానిష్‌లో నవ్వుతూ మాట్లాడి వచ్చింది.

"మేడమ్, ఈ వంతెన ఊపిరి బిగవట్టి దాటాల్నట గదా?" కోడ్ మాట చెప్పాడు రఘుపతి.

"మొదటిసారి దాటేవాళ్ళే. కోరిక తీరుతుంది." జవాబు సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "నేలమాళిగ. మూడో ఎముకల బావి కింద. జల్దీ భాయ్."

నేలమాళిగలో నీలి దీపాలు. ప్లాస్టర్ పుర్రెలు, తొడ ఎముకలు గుండ్రంగా వరసలు పేర్చి ఉన్నాయి. మూడో బావి కింద నిజంగానే ఓ సిలిండర్. రఘుపతి రసమట్టం ఆనించాడు. బుడగ పచ్చగానే ఉంది. వేలితో కొట్టి చూశాడు. ఖాళీ.

వెనక ఇనుప తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు.

భుజంతో మూడుసార్లు గుద్దాడు. కదల్లేదు. వాచ్‌లో నాలుగూ నలభై ఆరు. పైన స్పీకర్లలో పాట మొదలైంది. అతిథులు వచ్చేస్తున్నారు.

అప్పుడే పక్క గోడలోంచి ఓ సుత్తి లోపలికి దూసుకొచ్చింది.

"సార్, పక్కకు జరుగు," అన్నాడు బయట నుంచి గంగన్న. "ఇది ఉత్త ఇనుప తీగల జాలి. మీద ప్లాస్టర్ నేనే ఏసిన. ఆ పిల్ల గడియ వెట్టి పోతుంటే సూసిన."

గార్డులంతా అతిథుల వైపు పోయారు. కన్నంలోంచి బయటపడ్డ రఘుపతిని ఆయన పిరమిడ్ వెనక్కి లాక్కెళ్ళాడు. నమూనా అంతటా ఇటుకలు అలమరలో పుస్తకాల్లా నిలువుగా ఉన్నాయి. ఒక్కచోట, మోకాలెత్తున, గజం వెడల్పున అడ్డంగా పడుకుని ఉన్నాయి.

"భూకంపమొస్తే గోడ పడొద్దని ఆ దేశపోళ్ళు నిలవెట్టి కట్టిండ్రట. ఫోటో సూసి భూమేశ్ ఒక్కొక్కటి గట్లనే నిలవెట్టిండు. ఇవి వాడు వెట్టినవి గావు. చచ్చినా గిట్ల వెట్టడు..." రఘుపతి ఆ ఇటుకలకు రసమట్టం ఆనించాడు.

రసమట్టంలో బుడగ ఎర్రబడింది. నాలుగూ యాభై ఆరు. రఘుపతి బటన్ నొక్కాడు.

నాలుగు దెబ్బలకు గోడ ఊడింది. లోపల సిలిండర్. దాని నుంచి నేల కింద నీటి సొరంగం వైపు ఓ పైపు. వాల్వ్‌కి చిన్న మోటార్, మోటార్‌కి టైమర్. రెండు నిమిషాల నలభై సెకన్లు. చేత్తో తిప్పే వీల్లేకుండా వాల్వ్ పిడిని కోసేశారు.

"ఆపండి."

జమీలా. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్తోలు.

"భూమేశ్‌ని తోసింది నువ్వేనా?" రఘుపతి అడిగాడు.

"నేను చెయ్యి కూడా వెయ్యలేదు. పరంజ మీద నుంచి చూస్తే అంతా కనిపిస్తుందని చెప్పానంతే. ఎక్కాడు. పైన క్రోల్ మనిషి ఉన్నాడు."

గంగన్న వంగి సిమెంటు కలిపిన గమేళా ఎత్తాడు. తడి మాలు మొత్తం ఆమె మొహాన విసిరాడు. తూటా ఇటుకలో దిగింది. రఘుపతి ఆమె మణికట్టు మెలిపెట్టి పిస్తోలు లాక్కుని దూరంగా తన్నాడు. గంగన్న ఆమెను నేలకు అదిమి పట్టాడు.

"సార్, నా సంచిల పానా ఉంది!"

నలభై సెకన్లు. కోసేసిన పిడి మొదలుకి పానా బిగించి, కాలు గోడకు తన్నిపట్టి తిప్పాడు. టైమర్ ముగిశాక మోటార్ తెరవలేనంత గట్టిగా వాల్వ్ బిగించాలి. ఇరవై. అరచేతులు చీరుకుపోయాయి. పది. ఇంకో పావు చుట్టు. పానా జారింది. మళ్ళీ బిగించాడు. మూడు.

మోటార్ మూలిగి, కాలిన వాసన వేసి ఆగిపోయింది. బుడగ ఎర్రగానే ఉంది, ముదరలేదు.

అవతల నీళ్ళు లేచాయి. రఘుపతి పిరమిడ్ అంచు నుంచి చూశాడు. పదకొండు మంది యూనిఫామ్‌లలో సొరంగం కింద నడుస్తున్నారు. వాళ్ళలో ఒకాయన దగ్గాడు. రఘుపతి మళ్ళీ బుడగ వైపు చూశాడు. ఆయన చుట్ట తాగే మనిషి. ఇంకోసారి దగ్గి, నవ్వుతూ సెల్ఫీ తీసుకున్నాడు.

ఒమానీ ఆఫీసర్ నలుగురితో వచ్చి జమీలాను వెనక ద్వారం నుంచి తీసుకెళ్ళాడు. క్రోల్ కారెక్కుతూ దొరికాడు. గంగన్న ఒక ఇటుక చేతిలోకి తీసుకుని, ఏం చెయ్యాలో తోచనట్టు, దాన్ని నిలువుగా పెట్టి కూర్చుండిపోయాడు.

శనివారం వాణి పెవిలియన్ విజిటర్స్ బుక్‌లోని ఓ పేజీ ఫోటో రఘుపతి ముందు పెట్టింది. అతిథుల్లో ఒకాయన రాసిన మాట: "లీమా అద్భుతం. నీటి సొరంగం మరీ బాగుంది. పిరమిడ్ వెనక గోడ మాత్రం కూలి ఉంది. మంచి మేస్త్రిని పెట్టాల్సింది."

"నిర్వాహకులు జవాబు రాయాలట," అంది వాణి. "ఏమని రాయమందాం?"

రఘుపతి కట్టు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఉన్న మంచి మేస్త్రిని నిన్ననే పెట్టెలో పెట్టి జగిత్యాలకు పంపించామని రాయమనండి మేడమ్."