దాటమని ఊపిన చెయ్యి

మంగళవారం సాయంత్రం అయిదూ యాభై ఎనిమిదికి పోలీస్ కంట్రోల్ రూమ్‌కు ఫోన్ వచ్చింది. రిటైర్మెంట్ కాలనీ లోపలి రోడ్డు మీద, జీబ్రా క్రాసింగ్ దగ్గర, కారు గుద్ది ఒక స్త్రీ చనిపోయింది.

ఆమె వయసు డెబ్బై ఒకటి. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి రిటైరైంది. కాలనీలో అందరూ ఆపరేటరమ్మ అనేవారు. సి బ్లాకులో చెల్లెలితో కలిసి ఉండేది. తొడ మీద బంపర్ దెబ్బ ఉంది. తల ఫుట్‌పాత్ అంచుకు తగిలింది.

ఫోన్ చేసినవాడు కాలనీ రోడ్డు భద్రతా కమిటీ ప్రెసిడెంటు. ప్రమాదం చూసినవాడూ ఆయనే. ఇంకెవరూ చూడలేదు. ఆ రోడ్డు మీద కెమెరా లేదు. గేటు దగ్గర మాత్రం ఒకటుంది.

గుద్దిందెవరో ప్రెసిడెంటు చెప్పాడు. రాత్రి ఎనిమిదింటికి ఆ మనిషి కూరగాయల సంచితో తిరిగొచ్చాడు. గేటు దగ్గరే పట్టుకున్నారు. ఒకప్పుడు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. డెబ్బై ఆరేళ్ళు. కాలనీ పెట్టిన పేరు రాకెట్. అతని కారుకు నాలుగు వైపులా సొట్టలున్నాయి. ఏ సొట్ట ఎప్పటిదో అతనికే తెలియదు.

బుధవారం ఉదయం ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌కు వచ్చేసరికి కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. సాయంత్రం ఆరులోగా రాకెట్‌ను మెజిస్ట్రేటు ముందుంచాలి. మనిషిని గుద్ది చంపి పారిపోయిన కేసు. ఆ వయసులో లోపలికి వెళ్తే బయటికొచ్చే పని ఉండదు. ఇన్‌స్పెక్టర్ సంతకం ఒక్కటే మిగిలింది.

ఆమె పెన్ను మూత తియ్యలేదు.

"ముందు రోడ్డు చూద్దాం పద," అంది హెడ్ కానిస్టేబుల్‌తో.

కాలనీలో ప్రతి స్తంభానికీ ఒక పోస్టర్ ఉంది. 'రోడ్డు మర్యాద వారోత్సవం. ముందు మీరు.' కింద నవ్వుతున్న కారు బొమ్మ.

జీబ్రా పక్కన సుద్దతో గీసిన మనిషి ఆకారం. తల దగ్గర మరక. వాకింగ్‌కు వచ్చిన దంపతులు ఆగారు.

"మేడమ్, కడిగిస్తారా? మమ్మల్నే కడిగించుకోమంటారా?" అని భార్య అడిగింది.

"దేన్ని?"

"అదేనండీ, మరక. ఆదివారం మనవలొస్తున్నారు. గీతలకి కొత్తగా రంగు వేయించి నెలన్నా కాలేదు."

"చనిపోయినావిడ మీకు తెలుసా?"

"ఎందుకు తెలీదూ? రోజూ కనిపించేది. పాపం, మంచిది." ఆమె భర్త మోచెయ్యి లాగింది. "ఇటు పక్కనుంచి రండి, తొక్కుతారు."

ఇన్‌స్పెక్టర్ కర్చీఫు తీసి పెదాలు తుడుచుకుంది. పెదాల మీద ఏమీ లేదు.

ప్రెసిడెంటు తన పార్కింగ్ దగ్గర ఎదురుచూస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా. జేబుకు 'ముందు మీరు' బ్యాడ్జి. పక్కన తెల్ల ఎలక్ట్రిక్ కారు. గోడకు చార్జర్.

"జరిగింది చెప్పండి."

"క్లబ్బు నుంచి వస్తున్నాను మేడమ్. జీబ్రా దగ్గర ఆవిడ నిలబడి ఉంది. ఆపాను. ఎవరున్నా ఆపుతాను. ఇలా చెయ్యూపాను, దాటండమ్మా అని." అరచేయి చాచి పక్కకు ఊపాడు. "ఆవిడ దిగింది. వెనకనుంచి ఆ దున్నపోతు నన్ను దాటుకుని వచ్చి గుద్దేసి పోయాడు. కళ్ళారా చూశాను."

"టైమెంత?"

"అయిదూ నలభై, నలభై ఒకటి."

"ఫోన్ చేసింది అయిదూ యాభై ఎనిమిదికి."

"కాళ్ళూ చేతులూ ఆడలేదు మేడమ్. గుండె జబ్బు మనిషిని. ఫుట్‌పాత్ మీద కూలబడిపోయాను. అప్పటికే ప్రాణం పోయింది ఆవిడకి."

"కారు ఇక్కడికెప్పుడు తెచ్చారు?"

"ఫోన్ చేశాకే. అంబులెన్స్‌కి దారివ్వాలి కదా. అది కనీస మర్యాద."

ఇన్‌స్పెక్టర్ కారు చుట్టూ నడిచింది. పైకప్పు మీద దుమ్ము. తలుపుల మీద దుమ్ము. ముందు బంపర్ మీద లేదు.

"ముందు వైపే తుడిచినట్టున్నారు?"

"లైట్లు శుభ్రంగా ఉండాలి. అది మా రూల్స్‌లో మూడోది."

"బండి స్టార్ట్ చేసి కాస్త ముందుకు పోనివ్వండి."

కారు కదిలింది. టైరు కింద ఇసుక నలిగింది. అంతకుమించి ఏమీ వినపడలేదు.

"నడిచేవాళ్ళకి తెలియడానికి వీటికో మోత పెడతారు కదండీ?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"తీయించేశాను. అందరిచేతా తీయిస్తున్నాను. ముసలివాళ్ళుండే చోటయ్యా ఇది. ప్రశాంతత ముఖ్యం."

ఇన్‌స్పెక్టర్ చార్జర్ తెర చదివింది. దాన్ని ఫోటో తీసుకోమని హెడ్ కానిస్టేబుల్‌తో చెప్పింది.

గేటు కెమెరాలో రాకెట్ కారు బయటికి వెళ్ళిన సమయం అయిదూ నలభై ఒకటి. వేగంగానే వెళ్ళింది. గేటు కర్రను రాసుకుంటూ పోయింది.

"రోజూ అంతేనమ్మా," అన్నాడు వాచ్‌మన్. "కర్ర ఎత్తేదాకా ఆగడు. నాలుగుసార్లు మార్పించాం."

లాకప్‌లో రాకెట్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"గుద్దావా తాతా?" అని ఇన్‌స్పెక్టర్ సూటిగా అడిగింది.

"చాలా గుద్దానమ్మాయ్. గేటు కర్ర, పూలకుండీలు, ఒకసారి మా సెక్రటరీ స్కూటరు. మనుషుల్ని గుద్దలేదు."

"ప్రెసిడెంటు గారిని ఓవర్‌టేక్ చేశావా?"

"చేశా. క్లబ్బు మలుపు దగ్గర. శవం వెనకాల నడిచినట్టు నడుపుతాడా మనిషి! హారన్ కొట్టి దాటేశా."

"జీబ్రా దగ్గర కాదా?"

"జీబ్రా ఎక్కడ, మలుపెక్కడ! జీబ్రా దాటేటప్పుడు ఆపరేటరమ్మ ఫుట్‌పాత్ మీదుంది. నేను వెళ్ళేదాకా ఆగుతుందావిడ. ఎప్పుడూ అంతే."

"నీ తర్వాత ఎవరొచ్చారు?"

"అద్దం చూసుకుంటే కదా చెప్పడానికి!"

హెడ్ కానిస్టేబుల్ నవ్వు ఆపుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు.

"బండి అలా నడపడానికి సిగ్గుగా లేదూ?"

"ఇంట్లో కూర్చుంటే చచ్చిపోయినట్టుంటుంది."

"నీవల్ల ఇంకొకరు చస్తే?"

రాకెట్ గోడ వైపు చూస్తూ అన్నాడు. "ఆ మర్యాదస్థుడు వారానికోసారి నా బండి వెనకనుంచి ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడతాడు. ఇదిగో దుర్మార్గుడు అని. నిన్న అంత హారన్ కొట్టినా పెట్టలేదు. అదే వింతగా ఉంది."

ఇన్‌స్పెక్టర్ లేచింది.

సి బ్లాకులో చెల్లెలు తలుపు తీసింది. చిన్న హాలు. కుర్చీల కాళ్ళు నేలకు మేకులతో బిగించి ఉన్నాయి. వంటగట్టు మీద డబ్బాలు. ఒకదానికి ఒక రబ్బర్ బ్యాండు, ఇంకోదానికి రెండు, మరోదానికి మూడు. పడకగదిలో రెండు మంచాలు, రెండు గోడ దీపాలు. అక్క మంచం వైపు దీపానికి బల్బు లేదు. హోల్డర్‌లో సాలెగూడు ఉంది.

"బల్బు ఎప్పుడు పోయిందమ్మా?"

చెల్లెలు ఆ హోల్డర్ వైపు చూసింది.

"మీ అక్కకి ఎన్నాళ్ళుగా కనపడదు?"

చెల్లెలు మంచం మీద కూర్చుంది. దుప్పటి అంచు సర్దింది. మళ్ళీ సర్దింది.

"నాలుగేళ్ళుగా తగ్గుతూ వచ్చింది. కిందటేడు మొత్తం పోయింది. వెలుగూ చీకటీ కూడా తెలిసేది కాదు."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తే నర్సింగ్ వింగ్‌లో పడేస్తారు. అక్కడ ఎవరి మంచం వాళ్ళదే. నన్ను రానివ్వరు. నన్ను విడిచిపెట్టి ఎలా ఉంటావే అని అక్క అడిగింది. ఇద్దరం ఒట్టేసుకున్నాం."

"బయటికి ఒక్కతే ఎలా వెళ్ళేది?"

"అడుగులు తెలుసు. మిగతాది చెవులు. ఎవరైనా పలకరిస్తే ఆ గొంతు వైపు తిరిగి నవ్వేది. కనపడదని ఒక్కరూ అనుకోలేదు. కాలనీలో ప్రతి బండీ మోతను బట్టి చెప్పేసేది. రాకెట్ గారొస్తుంటే, అదుగోనే, డబ్బాలో రాళ్ళేసుకుని వస్తున్నాడు, వాణ్ణి పోనీ అనేది."

"ప్రెసిడెంటు బండి?"

చెల్లెలు తలెత్తింది. చాలాసేపు ఇన్‌స్పెక్టర్ ముఖమే చూసింది.

"దాని గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు," అంది.

"ఈ మాట అందరి ముందూ చెప్పాలమ్మా."

"చెప్తే ఏమంటారో తెలుసా? గుడ్డిది రోడ్డెక్కింది, చచ్చింది అంటారు."

"చెప్పకపోతే రాకెట్ జైలుకి వెళ్తాడు."

"ఆయన నోరు మంచిది కాదు," అంది చెల్లెలు. తర్వాత అల్మరా తీసి బయటికి వెళ్ళే చెప్పులు వెతుక్కుంది.

నాలుగు గంటలకు క్లబ్బు హాలులో కూర్చున్నారు. ప్రెసిడెంటు, సెక్రటరీ, ఇద్దరు సభ్యులు. ఒక మూల చెల్లెలు. తలుపు దగ్గర హెడ్ కానిస్టేబుల్ పక్కన రాకెట్.

సెక్రటరీ వాచీ చూసుకున్నాడు. "మేడమ్, పది నిమిషాల్లో తేలుతుందా? అయిదింటికి మర్యాద వారోత్సవం ముగింపు సభ. కుర్చీలు వేయించాలి."

"వేయించుకోండి," అంది ఇన్‌స్పెక్టర్. ప్రెసిడెంటు వైపు తిరిగింది. "ఇంకోసారి చెప్పండి. చెయ్యూపారు. తర్వాత?"

"ఆవిడ దిగింది."

"వెంటనేనా?"

"నా వైపు చూసింది. నవ్వింది. థ్యాంక్స్ అన్నట్టు చెయ్యెత్తింది. సంస్కారం ఉన్న మనిషి."

"మీ చెయ్యి చూసే దిగింది. అంతేనా?"

"అంతేగా మరి. నేను ఆపి దాటమంటేనే దిగింది. కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసింది మేడమ్. ఆ చూపు నాకింకా కనపడుతోంది."

ఒక సభ్యుడు నాలుక చప్పరించి జాలిపడ్డాడు.

"అమ్మా," అంది ఇన్‌స్పెక్టర్. "మీరు చెప్పండి."

చెల్లెలు లేచి నిలబడింది. "మా అక్కకి చూపు లేదు. ఏడాదిగా బొత్తిగా లేదు. డాక్టరు కాగితాలున్నాయి."

ముందు తేరుకున్నవాడు ప్రెసిడెంటు.

"అంటే కమిటీని మోసం చేశారన్నమాట! చూపులేని మనిషిని రోడ్డు మీదికి వదిలారా? రూల్స్ చదవలేదూ? అయితే తప్పు ఆవిడదే కదా!"

"తప్పెవరిదని నేనడగలేదు," అంది ఇన్‌స్పెక్టర్. "మీరు చెయ్యి ఎవరికి ఊపారని అడుగుతున్నాను."

ప్రెసిడెంటు జేబు మీది బ్యాడ్జి సర్దుకున్నాడు.

"చూపులేని మనిషి మీ కళ్ళలోకి చూడలేదు. మీ చెయ్యి చూసి దిగనూ లేదు. ఆవిడ చెవులతో దాటుతుంది. రాకెట్ బండి మోత దూరమయ్యేదాకా ఆగింది. తర్వాత రోడ్డు మీద ఏ మోతా లేదు. అందుకని దిగింది. మోత లేని బండి ఈ కాలనీలో ఎవరిది?"

"మేడమ్, ఇది..."

"క్లబ్బు మలుపు దగ్గర ఇతను మీకు హారన్ కొట్టి దాటాడు. మీకు ఒళ్ళు మండింది. వెంటపడ్డారు. వారం వారం గ్రూపులో పెట్టే ఫోటో కోసం స్టీరింగ్ మీద ఒక చెయ్యి, ఫోన్ మీద ఒక చెయ్యి. జీబ్రా దగ్గర ఆగలేదు. చూడనే లేదు."

"ఊహ. అంతా ఊహ. నేను ఫుట్‌పాత్ మీద కూలబడి..."

"మీ కారు అయిదూ నలభై ఏడుకి చార్జింగ్‌లో ఉంది. మీ చార్జర్ తెర మీదే ఉంది. ఫోన్ చేశాక తెచ్చి పెట్టానన్నారు. ఫోన్ చేసింది అయిదూ యాభై ఎనిమిదికి. ముందు కారు ఇంటికి చేర్చారు. బంపర్ తుడిచారు. అలవాటు కొద్దీ వైరు తగిలించారు. నడుచుకుంటూ వెనక్కి వచ్చారు. ఎవరూ చూడలేదని తేల్చుకుని అప్పుడు ఫోన్ తీశారు."

రాకెట్ తలుపు దగ్గర నుంచి అన్నాడు. "ఛీ."

అతన్ని ఎవరూ వారించలేదు.

"ఫోన్ ఇలా ఇవ్వండి," అంది ఇన్‌స్పెక్టర్.

ప్రెసిడెంటు జేబులోంచి ఫోన్ తీశాడు. ఇవ్వబోతూ ఆగాడు. "పదేళ్ళుగా ఒక్క చలానా లేదు మేడమ్ నాకు. నా పేరు ఇలాంటివాడితో..." రాకెట్ వైపు చూపించాడు. "వాడు ఎలాగూ ఎవరినో ఒకరిని గుద్దేవాడే. ఇవాళ కాకపోతే రేపు. ఎవరినడిగినా చెప్తారు."

ఇన్‌స్పెక్టర్ అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని కవరులో వేసింది. ఆ చేత్తో కర్చీఫు ముట్టుకోలేదు. బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చింది.

హెడ్ కానిస్టేబుల్ ప్రెసిడెంటు భుజం పట్టుకుని లేపాడు. తలుపు దగ్గర ఇద్దరికి సరిపడా దారి లేదు. అలవాటుగా ప్రెసిడెంటు పక్కకు జరిగి చెయ్యి చాచాడు. హెడ్ కానిస్టేబుల్ అతన్నే ముందుకు తోశాడు.

"మరి ముగింపు సభకి అధ్యక్షత ఎవరండీ?" అని సెక్రటరీ పక్క సభ్యుణ్ణి అడిగాడు.

చెల్లెలు కూర్చునే ఉంది. రాకెట్ వెళ్ళి ఆమె పక్క కుర్చీ ఖాళీ వదిలి, తర్వాతి దాంట్లో కూర్చున్నాడు.

"నేను మోత చేసుకుంటూ పోయినందుకే కదమ్మా, ఇక బండ్లు లేవనుకుంది," అన్నాడు.

చెల్లెలు చెప్పుల వైపు చూసుకుంది. "ఇక నడపకండి మీరు," అంది.

బుధవారం సాయంత్రం రాకెట్‌ను వదిలిపెట్టారు. అతను కారు తాళాలు స్టేషన్‌లో ఇచ్చి బస్సులో వెళ్ళాడు.

గురువారం ల్యాబ్ నుంచి రిపోర్టు వచ్చింది. ప్రెసిడెంటు ఫోన్‌లో చెరిపేసిన ఫోటో ఒకటి తిరిగి దొరికింది. మంగళవారం సాయంత్రం అయిదూ నలభై ఒకటికి తీసింది. కారు లోపల నుంచి తీసిన ఫోటో. దూరంగా గేటు ముందు రాకెట్ కారు, నంబరుతో సహా. దగ్గరగా జీబ్రా. మొదటి గీత మీద ఆపరేటరమ్మ. ముఖం గేటు వైపు తిరిగి ఉంది.

శుక్రవారం పోస్ట్‌మార్టమ్ నివేదిక వచ్చింది. దెబ్బ తగిలాక ఆమె పది నుంచి పదిహేను నిమిషాలు బతికే ఉంది.