రెండు లైట్ల బ్యాటరీలు

డ్రోన్ పైలట్‌గా చేరిన మొదటి రోజే ఆ అమ్మాయి చేత చీవాట్లు తిన్నాను. డ్రోన్ దింపి, వేడి వేడి బ్యాటరీని తిన్నగా చార్జర్‌కి తగిలించాను. వచ్చి వైరు పీకేసింది. "ఇప్పుడే పరిగెత్తి వచ్చిన మనిషి నోట్లో ముద్దలు కుక్కుతారా? అరగంట చల్లారనివ్వండి."

ఇళ్ల కప్పులూ పొలాలూ పైనుంచి ఫొటోలు తీసే కంపెనీ మాది. బ్యాటరీల గది ఆ అమ్మాయిది. ఓనరు ఆమెకి సొంత మేనమామ, అయినా ఆయన కూడా తలుపు కొట్టే లోపలికెళ్తాడు.

ఎనిమిది నెలల్లో బ్యాటరీల సంగతి నాకు కాస్త ఒంటబట్టింది. ఆ అమ్మాయి సంగతే అంతు చిక్కలేదు. ఒకరోజు నన్ను చూసి నవ్వుతుంది. మర్నాడు పలకరిస్తే చార్జర్ వైపు తిరిగి జవాబు చెప్తుంది. నాకేమో ఆమె అంటే ప్రాణం.

అలాంటి సమయంలో ఓనరు పిలిచి, దూరంగా పెట్టిన కొత్త బ్రాంచికి వెళ్లమన్నాడు. వెళ్లననడానికి కారణం చెప్పాలంటే ఆయన మేనకోడలి గురించే చెప్పాలి. శుక్రవారం సాయంత్రానికి చెప్తానని తప్పించుకున్నాను. ఈలోగా ఆమె ఒక్క మాట అంటే చాలు, ఉండిపోదామనుకున్నాను.

అనలేదు సరికదా, శుక్రవారం పొద్దున ఎప్పటిలా షెల్ఫులోంచి తీసుకెళ్లిన నా బ్యాగు సైటులో తెరిస్తే, నాలుగు లైట్లు వెలగాల్సిన బ్యాటరీల మీద రెండేసే వెలుగుతున్నాయి. అన్నీ సగం చార్జింగే. ఇన్నాళ్లలో ఎప్పుడూ ఇలా లేదు. ఒకటైతే పొరపాటనుకోవచ్చు, నాలుగు బ్యాటరీలూనా? కోపమా? నేనేం చేశాను? వెళ్తే పీడా పోతుందనుకుంటోందా? నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. పని సగంలో ఆపి, చినుకుల్లో తడుస్తూ ఆఫీసుకొచ్చాను.

కోపముంటే నామీద చూపించాలిగానీ బ్యాటరీల మీదేంటని అడిగేశాను. ఆమె బ్యాగునీ నన్నూ మార్చి మార్చి చూసింది. అవి మీరెందుకు తీసుకెళ్లారంది. నావి నేను కాక ఎవరు తీసుకెళ్తారన్నాను. ఇద్దరిలో ఎవరికి మతిపోయిందో తెలియలేదు.

"మీరు వెళ్లిపోతున్నారని మావయ్య నిన్ననే చెప్పాడు," అంది. "కొన్నాళ్లు వాడని బ్యాటరీని నిండుగా ఉంచితే ఉబ్బిపోతుంది. ఖాళీగా ఉంచితే చచ్చిపోతుంది. అందుకే సగానికి దించి షెల్ఫులో పెట్టాను."

నేనింకా ఏమీ చెప్పలేదని, ఓనరే ముందుగా అనేసుకున్నాడని చెప్పాను. అయినా సందేహం తీరలేదు. దాచడమెందుకు, వేరే పైలట్‌కి ఇచ్చెయ్యొచ్చుగా అన్నాను.

"మావయ్య ఇచ్చెయ్యమనే అన్నాడు." ఆమె తల వంచుకుంది. "నేనే ఇవ్వలేదు. మధ్యమధ్యలో చూసుకుంటూ ఉంటే మీరు తిరిగొచ్చేదాకా బతికుంటాయనుకున్నాను."

ఎనిమిది నెలలుగా నేను వెతుకుతున్న జవాబు షెల్ఫులో ఉందన్నమాట. అక్కణ్ణుంచే ఓనరుకి ఫోన్ చేసి, వెళ్లనండీ అన్నాను. కారణమేంటని గద్దించాడు. నేను నీళ్లు నములుతుంటే ఆమె ఫోన్ లాక్కుంది.

"మావయ్యా, నేనే వెళ్లనివ్వట్లేదు," అంది.