మా అమ్మాయే అల్లిందండి

ఆదిత్య అబద్ధం ఆడడు. ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెబుతుంటాడు కూడా. భీమవరంలో రొయ్యల మేత అమ్ముతూ తను "స్టాక్ రేపు పొద్దున్నే వచ్చేస్తుందండి" అని వారం రోజులపాటు రోజూ చెప్పడం అబద్ధం కిందికి రాదట. అది బిజినెస్సట!

అలాంటి సత్యసంధుడు 1998లో ఓ ఆదివారం వాళ్ళమ్మ రత్నమాణిక్యంతో కలిసి నరసాపురం పెళ్ళిచూపులకి వెళ్ళాడు. చెరువుల దగ్గర పనుందని తండ్రి రాలేదు.

"టిఫిన్ తీసుకోండి వదినగారూ," అంది పిల్ల తల్లి ప్రసన్నకుమారి.

"అబ్బే, ఇప్పుడే తినొచ్చామండి," అంది రత్నమాణిక్యం. పొద్దుట్నుంచి తల్లీకొడుకుల కడుపులో కాఫీ తప్ప ఏమీ లేదు.

మంజుష వచ్చి కూర్చుంది. తల వంచుకోవాల్సింది పోయి తిన్నగా ఆదిత్య వంక చూసింది. మనవాడి చేతిలో కాఫీ సాసర్లోకి ఒలికింది.

టీపాయ్ మీద తెల్లటి లేసు గుడ్డ పరిచి ఉంది. ప్రసన్నకుమారి దాన్ని ముద్దుగా సవరించింది. "మా అమ్మాయే అల్లిందండి. ఆర్నెల్లు పట్టింది."

నరసాపురంలో పెళ్ళిచూపులంటే ఈ మాట తప్పదు. ఆ ఊరి ఆడపిల్లలందరూ లేసు సూది పట్టుకునే పుడతారు, పెళ్ళిచూపుల రోజున మాత్రం.

రత్నమాణిక్యం గుడ్డ అంచు పట్టుకుని చూసింది. ఒక్క క్షణం ఆవిడ మొహం మారింది. వెంటనే సర్దుకుని, "బంగారు చేతులమ్మా నీవి," అంది.

పిల్లలిద్దర్నీ డాబా మీదకెళ్ళి మాట్లాడుకోమన్నారు.

"నాకు అబద్ధాలు పడవండి," అని మొదలెట్టాడు ఆదిత్య.

"అయితే ఈ సంబంధం పోయినట్టే. ఆ గుడ్డ నేనల్లలేదు. లేసు ఏజెంటు మరిడమ్మ దగ్గర మా అమ్మ కొంది. నాకు చొక్కాకి గుండీ కుట్టడమే రాదు. మీ అమ్మగారికి చెప్పేయండి."

"చెప్పకపోతేనో?"

"మీకు అబద్ధాలు పడవుగా!" అని నవ్వింది మంజుష.

చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ కిందికి పోవాల్సింది, పోలేదు. తడిసి దిగేసరికి మనవాడి పని అయిపోయింది.

తిరుగు ప్యాసింజర్లో కూర్చోగానే తల్లి అడిగింది. "ఆ గుడ్డ గురించి ఏమందిరా పిల్ల?"

అమ్మకి పనిమంతురాలైన కోడలు కావాలి. నిజం చెబితే మంజుష చేజారిపోతుంది. ఆదిత్య గొంతు సవరించుకున్నాడు.

"అల్లికలంటే ప్రాణమట. ఎప్పుడు చూసినా అదే పనట!"

"అయితే ఈ సంబంధం వద్దు."

"అదేంటమ్మా?"

"ఆ గుడ్డ నేనల్లిందిరా! అందరూ పువ్వుకి ఆరు రేకులేస్తారు. నేను మూల పువ్వుకి ఐదే వేస్తాను, అది నా గుర్తు. తల్లి చెప్పిందంటే సరే, పెళ్ళి చెయ్యాలిగా. పిల్ల కూడా నీ మొహమ్మీద అంత అబద్ధం ఆడితే రేపు కాపురం ఏం చేస్తుంది?"

పిల్లని దక్కించుకుందామని ఆడిన అబద్ధమే ఆ పిల్లని పోగొట్టేలా ఉంది.

"అమ్మా, తను నిజమే చెప్పింది. నీకు చెప్పెయ్యమని కూడా అంది. అబద్ధం ఆడింది నేను. నాకా అమ్మాయి కావాలమ్మా," అన్నాడు.

"నువ్వా!" అంది రత్నమాణిక్యం నోరు తెరిచి.

అప్పుడు తట్టింది ఆదిత్యకి. "అవునూ, నువ్వెప్పుడల్లావమ్మా? మధ్యాహ్నాలు సత్సంగానికి కదా వెళ్ళేది?"

రత్నమాణిక్యం పక్క సీట్ల వాళ్ళు వింటున్నారేమోనని చూసి గొంతు తగ్గించింది.

"సత్సంగమని చెప్పి పక్కవీధి లోవమ్మగారి వసారాలో కూర్చుని అల్లుతాన్రా. నెలకోసారి మరిడమ్మొచ్చి పట్టుకెళ్తుంది. మీ నాన్నగారికి తెలిస్తే పరువంటారు. నువ్వు నోరు మూసుకో, నేనూ మూసుకుంటాను."

"మరి మంజుషో?"

"రేపే ఫోన్ చేసి నచ్చిందని చెబుదాం. పనిదేముంది, నేర్పుకుంటాను," అంది. తల్లీకొడుకులు భీమవరం దాకా నవ్వుతూనే ఉన్నారు.

శ్రావణంలో పెళ్ళయింది. మధ్యాహ్నమైతే అత్తాకోడళ్ళిద్దరూ సత్సంగానికి బయల్దేరేవారు. మామగారు కోడలి భక్తి గురించి ఊరంతా చెప్పుకున్నారు.

ఏడాది తిరిగాక మంజుష పుట్టింటికో లేసు గుడ్డ తెచ్చింది. అత్తగారు నేర్పినట్టే మూల పువ్వుకి ఐదే రేకులు. ప్రసన్నకుమారి దాన్ని టీపాయ్ మీద పరిచి, వచ్చిన చుట్టాలతో "మా అమ్మాయే అల్లిందండి," అంది.

"ఆయ్, అల్లే ఉంటుంది లెండి," అన్నారు వాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ.

ఆదిత్య ఆగలేకపోయాడు. "నిజమేనండి! నా కళ్ళతో చూశాను. నాకసలు అబద్ధాలు పడవు!"

అందరికంటే గట్టిగా నవ్వింది మంజుషే.