కాంతంగారింట్లో రెండో తెర

ల్యాప్‌టాప్‌కి తగిలించిన మానిటర్ మీద బొమ్మ రాకపోతే అందరూ ముందు మానిటర్‌నే తిడతారు. చాలాసార్లు తప్పు దానిది కాదు. కేబుల్ బిగించే మరలు వదులై ఉంటాయి. లేదంటే కేబుల్ కొసన ఉండే సన్నటి పిన్ను ఒకటి వంగి ఉంటుంది. అదీ కాకపోతే, బొమ్మని రెండో తెరకి పంపమని ల్యాప్‌టాప్‌కి ఎవరూ చెప్పి ఉండరు. ఇదంతా నాకు నేర్పింది మాణిక్యాలరావు అన్నయ్య.

అమలాపురంలో గడియారస్తంభం దగ్గర ఒక సందులో అన్నయ్యకి కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉండేది. నేను మిషన్ హాస్టల్లో పెరిగినదాన్ని. అమ్మానాన్నల ముఖాలు ఫొటోలో చూడడమే. పాలిటెక్నిక్ పూర్తయ్యాక, రక్తసంబంధం లేకపోయినా, నన్ను పిలిచి పనిచ్చింది అన్నయ్యే. ఆడపిల్లకి ఈ పనేమిటని వచ్చినవాళ్ళెవరైనా గొణిగితే, "మా చెల్లెలండీ. నాకంటే బాగా చేస్తది" అనేవాడు. ఆదివారం చర్చి అయ్యాక భోజనం వాళ్ళింట్లోనే. లీలావతి వదిన నాకోసం చేప తలకాయ దాచి ఉంచేది. పిల్లలు అలిగినా ఇచ్చేది కాదు.

2007 వానాకాలంలో అన్నయ్య మారిపోయాడు.

గోదారి అవతల నగరం అనే ఊళ్ళో ఎవరింట్లోనో మానిటర్ చూసి రావడానికి వెళ్ళాడు. చీకటి పడుతుండగా తిరిగొచ్చాడు. ఆ మర్నాటి నుంచి తెర ముందు కూర్చోవడం మానేశాడు. వచ్చిన పనులన్నీ నాకు ఒప్పజెప్పి, తను వీధివైపు తిరిగి కూర్చునేవాడు. ఎక్కడైనా మానిటర్ వెలుగుతూ కనిపిస్తే దాని మీద తువ్వాలు కప్పేసేవాడు. తిండి తగ్గింది. మాటిమాటికీ భుజం దులుపుకునేవాడు, ఏదో వాలినట్టు. ఏమైందని అడిగితే, "నిద్ర పట్టట్లేదమ్మా" అని ఊరుకున్నాడు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

"కరుణా, పద. నగరం వెళ్ళాలి. అక్కడో మానిటర్ నాకు లొంగలేదు. నీకైతే లొంగుద్ది."

నాకెంత సంతోషమేసిందో. అన్నయ్య నవ్వుతున్నాడు, అది చాలనిపించింది. టూల్ బ్యాగు తీసుకుని బండి వెనక కూర్చున్నాను.

బోడసకుర్రు వంతెన మీదికి వచ్చేసరికి మబ్బు కిందికి దిగిపోయింది. గోదారి బూడిద రంగులో ఉంది. అవతలి ఒడ్డున కొబ్బరిచెట్లు కూడా సరిగా కనబడటం లేదు. అన్నయ్య బండి నెమ్మది చేశాడు.

"నా మీద ఎప్పుడూ కోపం పెట్టుకోవు కదా నువ్వు?"

"ఎందుకన్నయ్యా?"

"ఊరికే. వానలో లాక్కెళుతున్నానని."

ఆ ఇల్లు ఊరి చివర తోటలో ఉంది. పెంకుటిల్లు. చుట్టూ కొబ్బరిచెట్లు దట్టంగా ఉండడం వల్ల పట్టపగలే అరుగు మీద దీపం పెట్టారు. చెట్ల మొదట్లో నానిన కొబ్బరి డొక్కల వాసన. యాభై దాటిన ఆవిడ ఒకరు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. పేరు కాంతంగారని అన్నయ్య చెప్పాడు.

"రండమ్మా, రండి. మీరేనా కరుణగారు? ఆయ్, మంచిదండీ. కాళ్ళు కడుక్కోండి."

అన్నయ్య గుమ్మం దాకా కూడా రాలేదు. "నేను బండి దగ్గరుంటాను. నువ్వెళ్ళు" అన్నాడు.

కాంతంగారు నన్ను వెనకగదిలోకి తీసుకెళ్ళారు. ఒకటే కిటికీ. దానికీ తలుపులు వేసేసి ఉన్నాయి. గదిలో తడి గోడ వాసన, తలనూనె వాసన. మగవాళ్ళు రాసుకునే ఆ ఘాటైన నూనె. బల్ల మీద ల్యాప్‌టాప్, దాని కుడిపక్కన బరువైన పాత మానిటర్. బల్ల ముందు రెండు కుర్చీలు పక్కపక్కనే వేసి ఉన్నాయి.

"మావారు చిట్టిబాబుగారు దుబాయిలో ఇళ్ళ ప్లాన్లు గీసేవారండి" అన్నారు కాంతంగారు. "ఇక్కడికొచ్చాక కూడా గీసేవారు. ఒక తెర చాలదని ఈ రెండోది పెట్టుకున్నారు. బొమ్మ దీన్లోంచి దాన్లోకి సాగాలంట. పోయినేడు ఈ కుర్చీలోనే పోయేరు. అప్పట్నుంచీ రెండోది వెలగట్లేదు."

"ఎవరు వాడతారండీ ఇప్పుడు?"

"వెలిగితే చాలండి" అన్నారావిడ. "పనసాకుల్లో ఉడికించిన పొట్టిక్కలు వేడిగా ఉన్నాయి, తెస్తాను."

నేను పనిలో పడ్డాను. మానిటర్ దీపం నారింజ రంగులో ఉంది. అంటే కరెంటు అందుతోంది, బొమ్మ అందడం లేదు. కేబుల్ ఊడదీసి చూశాను. పిన్నులన్నీ తిన్నగానే ఉన్నాయి. మళ్ళీ పెట్టి మరలు బిగించాను. ల్యాప్‌టాప్‌లో తెర మార్చే మీటలు రెండూ కలిపి నొక్కాను. లాభం లేదు. బ్యాగులోంచి నా కేబుల్ తీసి మార్చి చూశాను. అప్పుడూ అంతే.

సెట్టింగుల్లోకి వెళ్ళాను. ల్యాప్‌టాప్ మాత్రం రెండో తెర ఉందనే చెబుతోంది. తెరని దాని మీదికి పొడిగించమన్న చోట టిక్కు పెట్టాను.

టక్‌మని చప్పుడు. దీపం పచ్చగా మారింది.

బొమ్మ మాత్రం రాలేదు. తెరంతా నలుపు. పొడిగింపు పనిచేస్తే, మౌస్ బాణం ల్యాప్‌టాప్ కుడి అంచు దాటి మానిటర్ మీద తేలాలి. అందుకని మౌస్‌ని కుడివైపు జరిపాను. బాణం అంచు దాటింది. మానిటర్ మీద తేలలేదు. వెనక్కి లాగాను. ల్యాప్‌టాప్ మీదికీ తిరిగి రాలేదు.

మౌస్ వదిలేసి కేబుల్ దగ్గరికి వంగాను. తల ఎత్తేసరికి బాణం దానంతటది తిరిగొచ్చింది. మెల్లగా... ఆగి ఆగి... ఎవరో చెయ్యి ఆనించినట్టు. నా రెండు చేతులూ కేబుల్ మీదే ఉన్నాయి.

మౌస్ పాడైందనుకున్నాను. అలా అనుకోవడం మా పనిలో అలవాటు.

అప్పుడే కరెంటు పోయింది. తలమీద ఫ్యాను తిరిగి తిరిగి ఆగిపోయింది. పెంకుల మీద వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది, దానికేం ఫరవాలేదు.

మానిటర్‌కి బ్యాటరీ ఉండదు.

పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

గోడలోంచి ప్లగ్గు లాగేశాను. ప్లగ్గు నా చేతిలో ఉంది... దీపం వెలుగుతోంది.

కళ్ళు చీకటికి అలవాటుపడ్డాక తెలిసింది, తెర మీద ఉన్నది నలుపు కాదు. అదొక గది. వేసి ఉన్న కిటికీ. బల్ల. బల్ల ముందు వీపు ఇటు పెట్టి ఒక అమ్మాయి. నా జడ. నా పసుపు చున్నీ.

పక్క కుర్చీలో ఒక మగమనిషి.

చటుక్కున పక్కకి చూశాను. కుర్చీ ఖాళీ. మళ్ళీ తెర చూశాను. అతను నావైపు వంగుతున్నాడు. మనం ఏదైనా గీస్తుంటే పక్కవాళ్ళు వంగి చూస్తారే, అలాగ. తలనూనె వాసన ముక్కుకి గుప్పున కొట్టింది.

"కదలకండమ్మా" గుమ్మంలోంచి గుసగుస. కాంతంగారు పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఇప్పుడే కూర్చున్నారు."

"ఎ... ఎవరండీ?"

"మావారండి. ఒక్కరూ ఉండలేరు. ఇన్నాళ్ళూ మాణిక్యాలరావుగారి పక్కన ఉండేవారు. ఆయనేమో ఏడ్చేరండి, పాపం. వదిలెయ్యమని కాళ్ళట్టుకున్నారు. బదులుగా ఇంకొకర్ని కూర్చోబెడితే వదుల్తారని చెప్పేను. మీ పేరు చెప్పేరు."

"అబద్ధం... మా అన్నయ్య అలా..."

"ఆయ్. నేనూ అన్నానండీ, చిన్నపిల్ల ఎందుకని. ఆయనే, మీరైతే పిలవగానే వస్తారన్నారు."

బయట బండి స్టార్టయింది.

"అన్నయ్యా!" అని అరిచాను. వినబడింది. వినబడిందని నాకు తెలుసు, ఇంజను ఒక్కక్షణం తగ్గింది. తర్వాత గేరు పడింది. చప్పుడు తోటలోంచి దూరమైపోయి వానలో కలిసిపోయింది.

భుజం మీద ఏదో బరువు. చల్లగా... తడిగుడ్డ వేసినట్టు. తెర మీద చూడలేదు. చూడలేకపోయాను. కుర్చీ తన్నేసి గుమ్మం వైపు పరిగెత్తాను. కాంతంగారు అడ్డు రాలేదు. మర్యాదగా పక్కకి జరిగారు.

"గొడుగు పట్టుకెళ్ళండమ్మా, తడుస్తారు" అన్నారు వెనకనుంచి.

రోడ్డు మీదికొచ్చి, దొరికిన బస్సెక్కి అమలాపురంలో దిగాను. ఏదో పొరపాటు జరిగిందనీ, అన్నయ్య నన్ను వెతుక్కుంటూ ఉంటాడనీ దారిపొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను.

షాపులో లైట్లన్నీ వెలుగుతున్నాయి. అన్నయ్య మానిటర్ ముందు కూర్చుని బజ్జీలు తింటున్నాడు. ఆ మానిటర్ మీద తువ్వాలు లేదు. ఆకలిగా, పెద్ద పెద్ద ముక్కలు తింటున్నాడు. నన్ను చూసి లేచాడుగానీ దగ్గరికి రాలేదు.

"ఎందుకన్నయ్యా?"

బుకాయిస్తాడని ఆశపడ్డాను. బుకాయించినా నమ్మేదాన్ని.

"నాకు పెళ్ళాం పిల్లలున్నారు కరుణా" అన్నాడు. ఎప్పుడూ మాట్లాడినంత మెత్తగానే. "నీకోసం ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు కదమ్మా."

అంటున్నంతసేపూ నా మొహంలోకి చూడలేదు. నా భుజం మీదుగా, వెనక్కి చూస్తున్నాడు.

ఇంతలో వదిన కేరేజీ పట్టుకుని వచ్చింది. నన్ను చూడగానే గుమ్మంలోనే ఆగిపోయింది. తడిసి ముద్దయిన నన్ను ఏమైందని అడగలేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. నాకు అప్పటిదాకా ఏడుపు రాలేదు. అప్పుడొచ్చింది. ఇద్దరూ కూర్చుని అనుకుని, నా పేరు తేల్చారన్నమాట.

మర్నాడే బట్టలు సర్దుకుని రాజమండ్రి వెళ్ళిపోయాను. చిన్నపిల్లల బడిలో పని దొరికింది. ఆ బడిలో కంప్యూటర్లు లేవు, అందుకే ఒప్పుకున్నాను. గదిలో టీవీ పెట్టుకోలేదు. అన్నయ్య దగ్గర్నుంచి ఒకే ఒకసారి ఫోనొచ్చింది. ఎత్తాను. వెనక పిల్లల నవ్వులు వినబడ్డాయి.

ఆ తర్వాత నాకేమీ జరగలేదు. ఏమీ కనబడలేదు, ఏ వాసనా రాలేదు. భుజం మీద బరువు కూడా ఎప్పుడు పోయిందో తెలియదు. ఆ గదిలో చూసింది భయం వల్ల కలిగిన భ్రమేమో, నిజంగా జరిగిందల్లా అన్నయ్య నన్ను అమ్ముకోవడమేనేమో అని కూడా అనుకునేదాన్ని. నిద్రపోతున్నాను. తింటున్నాను.

మొన్న బడివాళ్ళు గుర్తింపు కార్డుకి ఫొటో అడిగితే, దేవీచౌక్ దగ్గర స్టూడియోకి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, వీధినిండా జనం. స్టూడియోలో నేనూ, ఫొటోగ్రాఫరూ తప్ప ఎవరూ లేరు. స్టూలు మీద కూర్చోబెట్టాడు. కెమెరాకి వైరు తగిలించి ఉంది, దాని రెండో కొస పక్కనున్న మానిటర్‌కి. అతను కెమెరా వైపు కాకుండా ఆ మానిటర్‌లోకే చూస్తూ చెబుతున్నాడు.

"గెడ్డం కొంచెం ఎత్తండి. ఆఁ, చాలు. కాస్త ఎడంపక్కకి జరగండి."

జరిగాను.

అతను మానిటర్‌లోంచి తలెత్తకుండా, విసుగ్గా చెయ్యి ఊపాడు.

"మీరు కాదమ్మా."