ఎవరు లేచారు?

ప్రాంతీయ వన్డే టోర్నమెంటు మొదలైందంటే ఆ ఇంట్లో మనుషుల చోట్లు ఖాయమైపోయేవి. టీవీకి ఎదురుగా ఉన్న పేము కుర్చీ టీచరమ్మది. కిటికీ పక్కన చేతుల కుర్చీ పెద్దాయనది. స్టేషన్ మాస్టరుగా రిటైరైనా ఆయన మాటల్లోంచి రైలు ఇంకా దిగలేదు. వంటింటి తలుపు వెనక ఒక పొట్టి చెక్క స్టూలు. అది కోడలిది. అక్కడి నుంచి టీవీ కనబడదు, వినబడుతుంది. కొడుకు క్రీజులో ఉన్నంతసేపూ ఎవరూ తమ చోటు వదిలి లేవకూడదు. అది ఆ ఇంటి చట్టం.

ఆ చట్టం కొడుకు పెళ్ళైన కొత్తలో పుట్టింది. ఓపెనరుగా అతను మొదటి సెంచరీ కొట్టిన రోజది. ఇంటికి రాగానే పిచ్ సంగతి గానీ బౌలర్ల సంగతి గానీ ఎత్తకుండా, "మీరెవరెవరు ఎక్కడ కూర్చున్నారు?" అని అడిగాడు. అమ్మ పేము కుర్చీలో, నాన్న కిటికీ పక్కన, భార్య తలుపు వెనక స్టూలు మీద కూరలు తరుగుతూ. అంతే, అదే శాసనమైంది. ఆ రోజు టీచరమ్మ కుర్చీలోంచే "అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు!" అని కేకేసింది. లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. "మొగుడి ఆట చెడుతుందని నోరైనా విప్పలేదు మా కోడలు," అని ఆమె చుట్టాలందరికీ గొప్పగా చెప్పుకుంది.

లెక్కల టీచరుగా ఉన్నన్నాళ్ళూ కారణం రాయని జవాబుకు సున్నా వేసిన మనిషి ఆమె. ఈ ఒక్క విషయంలో మాత్రం, నమ్మితే పోయేదేముందిలే అనుకుంది. పోయేది తనది కాదు గనక అలా అనుకోగలిగింది. కోడలు మందుల షాపులో ఫార్మసిస్టు. కొడుకు మ్యాచ్ ఉన్న ప్రతిరోజూ సెలవు పెట్టి స్టూలు మీద కూర్చునేది. ఏడాది సెలవులన్నీ ఆ స్టూలే తినేసేది.

ఆ ఉదయం కొడుకు జట్టుకు వేరే ఊళ్ళో క్వార్టర్ ఫైనల్. పెద్దాయన మామూలుగానే రెండోసారి బాత్రూముకి వెళ్ళొచ్చాడు.

"మళ్ళీనా?" అంది టీచరమ్మ.

"వాడు యాభై ఓవర్లూ నిలబడితే నా గతేంటి? స్టేషన్లో ఉండగానే నీళ్ళు పట్టుకోవాలి, బండి కదిలాక కుదరదు."

ఆమె నవ్వుకుంటూ కళ్ళజోడు తుడుచుకుంటూండగా కోడలు గదిలోంచి బయటికి వచ్చింది. ట్రాక్ ప్యాంటు, పాత టీషర్టు, భుజాన కిట్ బ్యాగు. పెళ్ళికి ముందు ఆమె ఈ ప్రాంతపు మహిళా జట్టులో ఎడమచేతి స్పిన్నరు. పెళ్ళయ్యాక ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"ఎక్కడికి?"

"గ్రౌండుకి అత్తయ్యా. రాత్రి చెప్పాను కదా, మా జట్టు స్పిన్నరుకి చెయ్యి విరిగిందని, కోచ్ మేడం నన్ను రమ్మందని."

"చూద్దామన్నాను."

ఆ ఇంట్లో చూద్దామంటే కుదరదని అర్థం. అది అందరికీ తెలుసు.

"నేను చూశానత్తయ్యా. వెళ్ళాలనే తేలింది."

పెద్దాయన కుర్చీలోంచే మెడ చాచాడు. "అమ్మాయ్, ఇవాళ మెయిన్ లైను మీద వాడి బండి వస్తోంది. సెలెక్టర్లు కూడా చూస్తారట. నీ బండిని ఈ ఒక్క పూట పక్కనున్న లూప్ లైన్లో ఆపుకోమ్మా."

"పెళ్ళైన దగ్గర్నుంచీ లూప్ లైన్లోనే ఉంది మామయ్యా. పట్టాలకి తుప్పు పట్టింది."

అంతలో ఫోను మోగింది. పెద్దాయనకు చెవి కాస్త మందం కావడం వల్ల ఆ ఇంట్లో ఫోను ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడుతుంది.

"అమ్మా, టాస్ గెలిచాం, ముందు మాదే బ్యాటింగ్. అందరూ సీట్లలోకి వెళ్ళిపోండి. తను స్టూలెక్కిందా?"

"ఎక్కలేదు," అంది కోడలు. "గుమ్మంలో బూట్లు కట్టుకుంటున్నా."

"జోకులొద్దు, టైము లేదు."

"జోకు కాదు. నాకూ మ్యాచ్ ఉంది. నిన్నంతా ఫోన్ చేశాను. 'నా మ్యాచ్ అయ్యాక మాట్లాడదాం' అన్నావు. నీ మ్యాచ్ అయ్యేసరికి నాదీ అయిపోతుంది."

"అబ్బా, ఇవాళ్టి రోజున! ఇవాళ కొడితే జోనల్ టీములో ఉంటాను. ఒక్క పూట కూర్చోలేవా? వచ్చే సీజన్ ఆడుకుందువుగానీ."

"వచ్చే సీజన్‌కి నన్నెవరు పిలుస్తారు? నా తర్వాత ఎంతమంది పిల్లలొచ్చారు! ఇవాళ వెళ్ళకపోతే కోచ్ మేడం ఫోన్లోంచి నా నంబరు తీసేస్తుంది. తీసెయ్యాలి కూడా."

"అక్కడ స్టూలు ఖాళీగా ఉంటే ఇక్కడ నేనెలా ఆడాలి?"

"బ్యాటుతో," అంది కోడలు.

పెద్దాయన వచ్చిన నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. అవతల ఎవరో పిలిచారు. "అమ్మా, నువ్వే చూసుకో," అని కొడుకు పెట్టేశాడు.

టీచరమ్మ లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. క్లాసులో వెనక బెంచీలను సైతం నిశ్శబ్దం చేసే గొంతుతో అంది: "వాడి మొదటి సెంచరీ నువ్వు ఆ స్టూలు మీద కూర్చుంటేనే వచ్చింది. అది మర్చిపోకు."

కోడలు బూటు తాడు ముడి బిగించి లేచి నిలబడింది.

"ఆ రోజు నేను స్టూలు మీద లేనత్తయ్యా."

"ఏమిటీ?"

"డాబా మీద ఉన్నాను. వాటర్ ట్యాంకు గోడకి బంతులేసుకుంటున్నాను. కిందికొచ్చేసరికి మీరిద్దరూ చప్పట్లు కొడుతున్నారు. కూరల కత్తి చేతిలోకి తీసుకుని స్టూలు మీద కూర్చున్నాను."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరైనా ఒక్కసారి తలుపు వెనక్కి తొంగిచూస్తారేమోనని ఆగాను. మీరు మంచినీళ్ళడిగానన్నారు, నేను పలకలేదన్నారు. పలకకపోతే మనిషి ఉందో లేదో లేచొచ్చి చూడాలా, వద్దా? మీరు చూడలేదు. చుట్టాలందరికీ చెప్పుకున్నారు. అప్పుడిక నేను చెబితే ఎవరు నమ్ముతారు?" ఆమె జారిన కిట్ బ్యాగును భుజం మీదికి లాక్కుంది. "మీరు తప్పుకోకపోతే పెరటి దోవన వెళ్తాను. వెళ్ళడం మాత్రం మానను."

టీచరమ్మ తప్పుకుంది. కోడలు ఎక్కిన ఆటో చప్పుడు వీధి మలుపు దాకా వినబడింది.

టీవీలో కొడుకు క్రీజులో గార్డు తీసుకుంటున్నాడు. ఆమె పేము కుర్చీలో కూర్చుంది. మొదటి ఓవరు పోయింది, రెండోదీ పోయింది. కళ్ళు టీవీ మీదున్నా ఆమె చూస్తున్నది వేరు. ఆ రోజు తాను నీళ్ళకు కేకేసిన గొంతు, దాని తర్వాతి నిశ్శబ్దం. ఖాళీ వంటింటి నిశ్శబ్దాన్ని భక్తి అనుకుంది. ఏ పిల్ల అయినా అలాంటి జవాబు రాస్తే పేపరు మొహాన కొట్టి ఉండేది.

ఆమె లేచింది.

"టీచరమ్మా! కూర్చో! కొత్త బంతి మీద ఉన్నాడు వాడు!" పెద్దాయన కేక దాదాపు ఏడుపులా వచ్చింది.

ఆమె ఆగలేదు. మెట్ల సగంలో ఉండగా కింది నుంచి, "ఫోరే! కవర్స్ మీదుగా!" అన్న అరుపు వినబడి, మధ్యలోనే తెగింది. లేచిన మనిషికీ కొట్టిన ఫోరుకీ లంకె ఎలా వేయాలో పాపం ఆయనకు తెలియలేదు.

డాబా మీద ట్యాంకు గోడకు సుద్దతో గీసిన మూడు నిలువు గీతలున్నాయి. వాటి చుట్టూ ఎర్రని గుండ్రటి మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి, ఆఫ్ స్టంపు కొస దగ్గర గోడ అరచేయంత మేర ముదురెరుపైపోయింది. పక్కింటి పిల్లల పని అని ఆమె ఎన్నోసార్లు విసుక్కున్న మచ్చలే అవి. బట్టలు ఆరేసి రావడానికి కోడలికి అంతసేపెందుకని సణిగినదీ ఆమే. వేలితో తాకింది. ఎరుపు అంటలేదు, గోడలోకి ఇంకిపోయింది. ఆమె కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. మచ్చలు మసకగానే కనబడ్డాయి.

కిందికొచ్చి తలుపు వెనక స్టూలు చంకన పెట్టుకుంది.

"దాన్నెక్కడికి తీసుకెళ్తున్నావు? అది కదిపితే..."

"కదిపితే ఏమవుతుందో చూడ్డానికే," అంటూ ఆమె గుమ్మం దాటింది.

స్టేడియం పక్కనున్న చిన్న మైదానంలో మహిళల మ్యాచ్. గేటు తీసే ఉంది, కూర్చోడానికి ఒక్క కుర్చీ లేదు. ఆడపిల్లల తల్లిదండ్రులు గోడ నీడన నిలబడ్డారు. మెళ్ళో కార్డు వేసుకున్న నిర్వాహకుడొకడు అటుగా వెళ్తుంటే టీచరమ్మ ఆపింది.

"కుర్చీలేవి?"

"మగవాళ్ళ మ్యాచ్‌కేనమ్మా వేస్తాం. వీటికెవరొస్తారు?"

"ఇంతమంది వచ్చారు, కనబడటం లేదా? కళ్ళు చూపించుకో బాబూ. ఈలోపు కుర్చీలు వేయించు. లేదా వేయొద్దని ఎవరన్నారో వాళ్ళ పేరు చెప్పు. వాళ్ళతోనే మాట్లాడతాను."

అతను గొణుక్కుంటూ వెళ్ళాడు. ఆమె బౌండరీ తాడు దగ్గర స్టూలు వేసి కూర్చుంది. కూర్చోగానే అది పక్కకు ఒరిగింది. ఒక కాలు పొట్టి. నడుము బిగబట్టి, కాలితో నేలను తొక్కిపట్టుకుంటే గానీ నిలవదు. ఆమె ఇన్నేళ్ళలో ఒక్కసారీ దాని మీద కూర్చోలేదు.

కోడలి మొదటి ఓవర్లో రెండో బంతి టీచరమ్మ తల మీదుగా గోడవతలికి పోయింది. కోడలు కొత్తగా వచ్చిన బంతిని ప్యాంటుకి రుద్దుకుంటూ నింపాదిగా వెనక్కి నడిచింది, డాబా మీద ఒంటరిగా నడిచినట్టే. మూడో ఓవర్లో ఒక బంతి తిరుగుతుందనుకున్న చోట తిరగలేదు. సూటిగా వెళ్ళి ఆఫ్ స్టంపు కొసను లేపేసింది. ట్యాంకు గోడ మీద ముదురెరుపు మచ్చ సరిగ్గా ఆ చోటే. టీచరమ్మ ఉన్నపళంగా లేచి నిలబడింది. వెనక స్టూలు దబ్బున పడింది.

ఇన్నింగ్స్ మధ్య విరామంలో ఫోను వచ్చింది. స్పీకరు అలవాటు ఇక్కడికీ వచ్చింది.

"అమ్మా, పద్నాలుగుకే ఔటయ్యాను." అన్నాడు కొడుకు. "ఎవరు లేచారు? తనే కదా?"

"నేను లేచాను."

"నువ్వా?"

"నేనే. నేను లేచాకే నువ్వు కవర్స్ మీదుగా ఫోర్ కొట్టావు, మీ నాన్ననడుగు. విను. నీ సెంచరీ రోజున ఆ స్టూలు ఖాళీగా ఉంది. నీ భార్య డాబా మీద ఉంది. ఆ నూరు పరుగులూ నువ్వు కొట్టినవే నాన్నా, ఇంకెవరికీ అందులో వాటా లేదు. ఇవాళ్టి పద్నాలుగూ నీవే. దానికి ఇంకొకరిని బోనెక్కించకు. నేను ఎక్కించాను, తప్పు చేశాను."

అవతల దూరంగా ఎవరివో చప్పట్లు వినిపించాయి.

"తనకెన్ని వికెట్లు పడ్డాయి?" అన్నాడు చివరికి, చాలా నెమ్మదిగా.

"మొగుడివి నువ్వు. అడుగు."

విరామానికి అటు వచ్చిన కోడలు ఫోను తీసుకుని, స్పీకరు తీసేసి, నాలుగడుగులు అవతలికి వెళ్ళింది. టీచరమ్మకు ఒకవైపు మాటలే వినబడ్డాయి. "మూడు... కాదు, తిరగని బంతికే... ఆ, ట్యాంకు గోడ మీదే... ఏడవకు, మనకింకా సీజన్ ఉంది... ఇంటికొచ్చాక నాకు బ్యాటింగ్ చేసి పెట్టు, గోడ మీద ఎన్నాళ్ళని వేస్తాను?" తిరిగొచ్చేసరికి ఆమె చెంపల మీద ఉన్నది చెమటేనో కాదో తెలియలేదు. టీచరమ్మ పైట చెంగుతో ఆ చెంపలు తుడిచింది. క్షమించమన్న మాట ఆమెకు ఎప్పుడూ సులువుగా రాలేదు. చేతికి వచ్చింది.

అప్పుడే పెద్దాయన ఆయాసపడుతూ గేట్లోంచి వచ్చాడు. "బండి కాస్త లేటైంది. సిగ్నల్ నాకు ఆలస్యంగా పడింది," అన్నాడు కోడలి వంక చూడలేక చూస్తూ.

"ప్లాట్‌ఫారం మీదే ఉన్నాం మామయ్యా," అంది కోడలు.

నిర్వాహకుడు మొహం ముడుచుకుని ప్లాస్టిక్ కుర్చీలు వేయిస్తున్నాడు. గోడ నీడలోని తల్లిదండ్రులు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. పెద్దాయన ఒక కుర్చీ తెచ్చి భార్య పక్కన వేశాడు. "మన వాళ్ళ బ్యాటింగ్ మొదలవుతోంది. కూర్చో."

టీచరమ్మ బౌండరీ తాడు వైపు ఇంకో అడుగు వేసింది.

"మీరు కూర్చోండి. నేను నిలబడే చూస్తాను. ఇన్నేళ్ళు కూర్చున్నది చాలు."