డెవరిల్ కంపెనీలో ఈల

మెటే హోల్మ్ గుమ్మం దాటి లోపలికి వచ్చేసరికి గిడియన్ పాస్కో మటన్ కూరిన రొట్టె తింటున్నాడు. ఆమె ముఖం చూసి పళ్ళెం పక్కకు జరిపేశాడు. బంగారు గనుల ఊరు బల్లారట్ మొత్తానికి ప్రైవేటు డిటెక్టివ్ ఆయనొక్కడే. ఆయన సహాయకుడు ఏమస్ రీడ్‌ని అడిగితే, ఈ ఖండం మొత్తానికి ఆయనొక్కడే అంటాడు.

"అయ్యా, మా నాన్నని ఉరి తీస్తారట" అంది మెటే, కుర్చీ చూపించినా కూర్చోకుండా. "ఆయన చీమకైనా అపకారం తలపెట్టే మనిషి కాదయ్యా."

ఆ గొడవ తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు. శనివారం నాటకంలో, జనం కిటకిటలాడుతుండగా, రోలండ్ డెవరిల్ నెత్తిన తెరను వేలాడదీసే దుంగ పడి అక్కడికక్కడే ప్రాణం పోయింది. డెవరిల్ అంటే మామూలు నటుడా! బంగారు గనుల తొలిరోజుల్లో గుడారాల్లో, కొవ్వొత్తి వెలుగులో రాజు వేషం కట్టి, బురద బట్టల మనుషుల చేత కన్నీళ్ళు పెట్టించినవాడు. సొంత కంపెనీ పెట్టి, ఎద్దుబండ్ల మీదా ఓడల మీదా తెరలు మోయించుకుంటూ న్యూజిలాండ్ దాకా తిరిగి వచ్చినవాడు. ఆ దుంగను దింపిన చెయ్యి మాత్రం మెటే తండ్రి యెన్స్ హోల్మ్‌ది. రంగస్థలం పైన అటక మీద నిలబడి తాళ్ళు చూసుకునే పని అతనిది. పూర్వం డెన్మార్క్ నావికుడు.

"మీ నాన్న ఏమంటున్నాడమ్మా?"

"కింద నుంచి ఈల వినబడింది, తాడు వదిలాను అంటాడు. ఎవరేశారు నాన్నా అంటే గోడకేసి తిరుగుతాడు."

పాస్కో కనుబొమలు ముడిపడ్డాయి. తాళ్ళ పని చేసేవాళ్ళంతా నావికులే కాబట్టి, ఓడ మీదలాగే నాటకశాలలోనూ వాళ్ళకు ఈలే ఆజ్ఞ. అందుకే వేదిక మీద ఎవరూ పరధ్యానంగానైనా ఈల వెయ్యరు. కొత్తగా చేరిన నటుడికి మొట్టమొదట నేర్పేది అదే.

స్టేషన్లో సార్జెంట్ క్లీరీ ఈల మాట వినగానే నవ్వేశాడు. "గ్యాలరీలో జనం గోలగోలగా ఉన్నారు, ఈలలకేం తక్కువ? కానీ ముప్పయ్యేళ్ళు అటక మీద పనిచేసినవాడికి గ్యాలరీ ఈల ఏదో, వేదిక ఈల ఏదో తెలీదూ? పగ పట్టాడయ్యా పాస్కో! మొన్నామధ్య డెవరిల్ అందరి ముందూ ఇతన్ని చూపించి 'ఎవడీ పరదేశి? బయటికి గెంటండి' అని అరిచాడుట."

కటకటాల వెనక హోల్మ్ తలవంచుకుని కూర్చున్నాడు. పెద్ద చేతులు, తాళ్ళకు కాయలు కాసిన చేతులు.

"అంత మాటన్నాడని కోపం రాలేదా?" అన్నాడు పాస్కో.

"విల్లీ మీద నాకు కోపమేంటయ్యా?"

"విల్లీ ఎవరు?"

ముసలాయన నాలుక కరుచుకున్నాడు. "డెవరిల్ గారు" అని గొణిగి, గోడకేసి తిరిగాడు.

అక్కణ్ణుంచి పాస్కో, ఏమస్ ఆసుపత్రి శవాల గదికి వెళ్ళారు. రాజు వేషంలోనే ఉన్నాడు డెవరిల్. ఎడమచేతికి రాజు తొడుగు ఉంది, కుడిచేతిది విప్పి నడికట్టులో దోపి ఉంది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు కొసలకు ఎర్రగా ఏదో అంటింది.

"నెత్తురు" అన్నాడు ఏమస్.

పాస్కో వాసన చూశాడు. "కాదోయ్. పెదాల రంగు" అన్నాడు.

నాటకశాలలో కంపెనీ నటుడు ఫ్రెడరిక్ వేన్ ఎదురొచ్చాడు. డెవరిల్ తరవాత రాజు వేషం అతనిదేనని ఊరంతా అనుకుంటోంది. "రండి రండి, వేషం కోసం చంపానని నా చేత ఒప్పిస్తారా?" అన్నాడు వెటకారంగా, కానీ కళ్ళు వాచి ఉన్నాయి. "నాకు నడక నేర్పింది ఆయనండీ, వేదిక మీద నడక."

"ఈ మధ్య ఆయనలో మార్పేమైనా కనబడిందా?"

"ఏడాదిగా కుర్చీ దిగడం లేదు. ఏ నాటకమైనా కుర్చీలోనే, అదీ పక్కతెరకి దగ్గరగా. ఆయన భార్య, మా అమ్మగారు, తన వేషాలన్నీ మానేసి ఆ పక్కతెర వెనక నిలబడ్డం మొదలెట్టారు. కొత్త నాటకం ఊసే లేదు. అవే పాతవి తిప్పి తిప్పి ఆడుతున్నాం."

"మరి శనివారం?"

"రాజు ఒంటరిగా ఉండే ఘట్టం అది. మధ్యలో ఆగాడు. ఆయన ఆగితే అదో అందం. కానీ ఎంతకీ మాట్లాడడే! గ్యాలరీలో కేకలు మొదలయ్యాయి. లేచి, జనానికి వీపు తిప్పి వెనక్కి నడిచాడు. అక్కడ రాజుకి పనే లేదు."

డెవరిల్ భార్య హానరా నల్లబట్టల్లో నిటారుగా కూర్చుని ఉంది. కన్నీటి చుక్క లేదు. "ఆఖరి క్షణం దాకా నా భర్త నోట ఒక్క అక్షరం పొల్లుపోలేదు" అంది. "మా కంపెనీలో ఈల వేసేవాళ్ళు లేరు. హోల్మ్ అబద్ధమాడుతున్నాడు." ఆ మాట అంటున్నప్పుడు ఆమె వేలి ఉంగరాన్ని మెలితిప్పడం ఏమస్ చూశాడు. భర్త పోయిన దుఃఖమే అనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పాస్కో అందర్నీ వేదిక మీదకు రప్పించాడు. క్లీరీ హోల్మ్‌ని సంకెళ్ళతో తీసుకొచ్చాడు. మెటే తండ్రి పక్కన నిలబడింది.

"ఇక్కడి నటులెవరూ ఈల వెయ్యరని అందరూ ఒట్టేశారు. నేను నమ్మాను" అన్నాడు పాస్కో. "అయినా ఈల వినబడింది. నోట్లో రెండు వేళ్ళు పెట్టి వేసే ఈల. దానికి తొడుగు అడ్డం. అందుకే డెవరిల్ కుడిచేతి తొడుగు తీసి నడికట్టులో దోపుకున్నాడు. వేళ్ళకంటింది ఆయన పెదాల రంగే."

"ఆయనా!" అన్నాడు వేన్. "ప్రాణం పోయినా వెయ్యడండీ!"

"నటుడైతే వెయ్యడు. తాను నటుణ్ణన్న సంగతే మరిచిపోయినవాడు వేస్తాడు. ఎదురుగా ఉన్న పాత స్నేహితుణ్ణి పట్టుకుని ఎవడీ పరదేశి అన్నాడంటే అది పగ కాదు, గుర్తు పట్టలేదంతే. మాట అందించేవాళ్ళు పక్కన లేనిదే ఒక్క ఘట్టం నడవలేదు. యెన్స్, ఆయన్ని విల్లీ అని పిలిచేవాడివి నువ్వొక్కడివే, మీరిద్దరూ ఒకే ఓడ దిగారు. వేషాలు కట్టకముందు విల్లీ నీ పక్కన ఇలాంటి అటక మీదే తాళ్ళు లాగాడు, శనివారం ఆ రోజుల్లోకే వెళ్ళిపోయాడు. అవునా?"

హోల్మ్ తల ఊపాడు. పాస్కో హానరా వైపు తిరిగాడు. "అమ్మా, మీరు నిలబడే చోటి నుంచి వేదికంతా కనబడుతుంది. ఆయన పేరు నిలబెట్టడానికి ఈయన మెడకు తాడు బిగిస్తారా?"

"మరేం చెయ్యమంటారు?" అంది హానరా. "పిచ్చెత్తి చచ్చాడని పేపర్లో వేస్తారు! గుడారాల్లో పస్తులుండి సంపాదించుకున్న పేరండీ అది. ఇక మిగిలింది అదొక్కటే."

"అమ్మని ఏమీ అనకండి" అన్నాడు హోల్మ్. అతను అంత పొడుగ్గా మాట్లాడ్డం అదే మొదలు. "ఆ ఈల వినగానే నాకు తెలిసిపోయింది. అలా వేసేవాడు లోకంలో విల్లీ ఒక్కడే. నన్ను గుర్తుపట్టి మళ్ళీ పిలిచాడనుకున్నాను. అటక మీద మా ఒప్పందం ఒక్కటే. తోటివాడు ఈల వేస్తే కిందికి చూడొద్దు, తాడు వదిలెయ్యాలి. ఎంత సంతోషమేసిందంటే, చూడకుండా వదిలేశానయ్యా. చంపింది నేనే కదా? ఇంక ఏమని చెప్పుకోను?"

మెటే తండ్రి భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. ఏమస్ పాస్కో వైపు చూశాడు. కేసు తేలితే తన గురువు ముఖంలో కనబడే వెలుగు ఈసారి రాలేదు.

హానరా లేచి హోల్మ్ దగ్గరికి వెళ్ళింది. "ఈల వేసి అక్కడే నిలబడి పైకి చూశాడు యెన్స్, నీకోసం. నవ్వుతున్నాడు. నన్ను చూసి అలా నవ్వి ఎన్నాళ్ళయిందో."

తరవాత ఆమె క్లీరీ వైపు తిరిగింది. ఖాళీ గ్యాలరీ ఆఖరి వరస దాకా వినబడేలా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"సంకెళ్ళు తియ్యండి. నా భర్తకి ఏడాదిగా నేనెవరో తెలీదు. పేపరువాళ్ళకి నేనే చెబుతాను."