ముందు అన్ని దారులూ నడిచి రండి

మొదటి మంచు పడిన రోజునే హేవన్‌కు అతనితో పేచీ మొదలైంది.

సోబెక్ కొండల నేషనల్ పార్క్ గేటు పక్కనే వాళ్ళ చిన్న హోటల్. తల్లి వేడివేడి నూడుల్స్ చేస్తుంది, హేవన్ వడ్డిస్తుంది. ఆ రోజు ఓ యువకుడు గడప దగ్గర బూట్లు విప్పి, వెచ్చటి నేల మీద చతికిలబడి, చలికాలంలో ఈ కొండ మీద మంచి దారి ఏదని అడిగాడు. పేరు ముయోల్. కింద ఊళ్ళో ఆపిల్ గోదాముకు కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్.

తనకు తెలియదంది హేవన్.

"గేటు పక్కనే ఉంటూ తెలీదా?"

"నేనెప్పుడూ గేటు దాటలేదు."

"అదేం? అవతల పులి గానీ ఉందా?"

పక్క బల్లల వాళ్ళు నవ్వారు. ఆమెకు ఒళ్ళు మండింది. "మీరే ముందు అన్ని దారులూ నడిచి రండి. ఏది మంచిదో తర్వాత నాకు చెబుదురుగాని."

అతను సరేనన్నాడు.

అవతల పులి లేదు, మంచు ఉంది. ఆమె చిన్నతనంలో తండ్రి కొండమీది బుద్ధుడి గుడికి బియ్యం మోసుకెళ్తూ ఆ మంచు మీదే జారి లోయలో పడి చనిపోయాడు. ఏటా ఆయన తిథినాడు తల్లి పైకి వెళ్ళి దీపం పెట్టి వచ్చేది. ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. ఇక వెళ్ళాల్సింది హేవనే. రోజూ గేటు దాకా వెళ్ళేది. గాజులా మెరిసే మెట్లు చూడగానే వెనక్కి వచ్చేసేది.

ముయోల్ మాత్రం సెలవు దొరికినప్పుడల్లా కొండెక్కసాగాడు. ఒకసారి వెళ్ళిన దారిన మళ్ళీ వెళ్ళేవాడు కాదు. చేతిలో పొడుగాటి కర్ర. పొద్దున వెళ్ళేటప్పుడు వీపున బ్యాగు వేలాడుతూ ఉండేది, దిగేటప్పుడు ఉబ్బి ఉండేది. చలికాలంలో ఆకు రాలిన చెట్ల కొమ్మల మీద పెరిగే బదనిక మొక్క బాగా కనబడుతుంది. దాన్ని మందుకని పొడుగు కర్రలతో దొంగతనంగా కోసి అమ్ముకునేవాళ్ళు ఉన్నారు.

హేవన్ తన అనుమానం చెబితే తల్లి నమ్మలేదు. "బంగారంలాంటి కుర్రాడే. వచ్చినప్పుడల్లా ఆపిల్స్ తెస్తాడు. పిన్నిగారూ పిన్నిగారూ అంటూ నా మోకాళ్ళ సంగతి అడుగుతాడు."

"బంగారానికి అంత పొడుగు కర్ర దేనికమ్మా?"

ఒక మధ్యాహ్నం పెరట్లోంచి ముల్లంగి తెస్తూ ఆమె ఇంకో వింత చూసింది. గడప దగ్గర ముయోల్ ఆమె బూటు తిరగేసి అడుగున జాన పెట్టి కొలుస్తున్నాడు. ఆమెను చూసి బూటు వదిలేశాడు. చెవులు ఎర్రబడ్డాయి. బురద అంటుకుందేమోనని చూశానన్నాడు. నేలంతా రాయిలా గడ్డకట్టిన రోజుల్లో బురదేమిటి? ఆ రోజు నుంచి హేవన్ బూట్లు లోపల దాచుకోసాగింది. అతను రాని రోజుల్లో పదేపదే రోడ్డు వైపు చూసేది. దొంగ మీద కన్నేసి ఉంచొద్దా అని తనకు తానే సర్ది చెప్పుకునేది.

తర్వాత అతని బ్యాగుకు కొత్త వస్తువొకటి వేలాడింది. మంచు మీద జారకుండా బూట్ల కింద తగిలించుకునే ఇనప పళ్ళు. చిన్నవి, ఎర్ర పట్టీలవి. అతని కాళ్ళకు పట్టేవి కావు.

"అవెవరివి?" అని అడిగేసింది.

"ఒకావిడవి. వస్తానంటే తీసుకెళ్దామని."

ఆ పూట అతను రెండోసారి కిమ్చి పచ్చడి అడిగితే అయిపోయిందని చెప్పింది. జాడీ నిండుగానే ఉంది.

తండ్రి తిథి వచ్చింది. తల్లి నూనె సీసా కూతురి చేతికిచ్చి, పైకి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే ఇచ్చి రమ్మంది. హేవన్ గేటు దగ్గర నిలబడింది. అంతలో ముయోల్ హోటల్ వైపు చూడనైనా చూడకుండా గబగబా గుడి దారి పట్టాడు. వీపున ఆ ఎర్ర పట్టీలు ఊగుతున్నాయి. ఆవిడ పైన కాచుకుని ఉందన్నమాట. ఇవాళ ఇద్దరినీ చూసి తీరాల్సిందే అనుకుంది.

కోపంలో మెట్లు కనబడలేదు. మెట్ల పక్కనున్న ఇనప కమ్మీ పట్టుకుని ఒక మలుపు తిరిగింది, ఇంకో మలుపు తిరిగింది. పైన అతను వంగి కర్రతో మంచు పొడిచి చూస్తున్నాడు.

"ఏమండీ, ఆవిడ ఇంకా రాలేదా?"

అతను వెనక్కి తిరిగాడు. ముఖం పాలిపోయింది. "హేవన్ గారూ, కదలకండి."

అప్పుడు కిందికి చూసింది. గేటు అగ్గిపెట్టెంత ఉంది. కమ్మీకి అతుక్కుపోయింది.

అతను మెల్లగా దిగివచ్చి, ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, ఎర్ర పట్టీలు బిగించాడు. కొలిచి చేయించినట్టు సరిపోయాయి.

"ఆ రోజు బూటుకు బురద లేదు కదూ?"

"లేదు."

"బ్యాగులో ఏముంటుంది?"

"నా కోటు. ఎక్కితే చెమట పడుతుంది, విప్పి కుక్కేస్తాను."

ఇన్నాళ్ళ దొంగ అలా చేజారిపోయినందుకు ఆమెకు కొంచెం దిగులేసింది కూడా.

"అన్ని దారులూ నడవమన్నారుగా, నడిచాను," అన్నాడు. "ఇదొక్కటే మిగిలింది. ఇవాళ్టి సంగతి మీ అమ్మగారు చెప్పారు. ముందు మెట్లు చూసొచ్చి మిమ్మల్ని అడుగుదామనుకున్నా."

"ఏ దారి మంచిదో తేలిందా?"

"లేదు. అన్నిట్లోనూ ఒక్కణ్ణే నడిచాను."

ఆమె నూనె సీసా అతని చేతికిచ్చి, ఖాళీ అయిన చేత్తో అతని భుజం పట్టుకుంది. తల్లి చెప్పిన గుర్తును బట్టి, తండ్రి జారిన చోట ఆమె ఆగితే అతనూ ఆగాడు, లోయ వైపు తను నిలబడి.

గుడిలో దీపం వెలిగించాక కూడా ఆమె మనసు తేలిక పడలేదు. భక్తితో ఎక్కాల్సిన మెట్లు అనుమానంతో ఎక్కాను, ఇది నాన్నకు చేరుతుందా అని ముసలి భిక్షువును అడిగింది. ఆయన ఆమె కాళ్ళ వంక, ఎర్ర పట్టీల వంక చూశాడు. "మీ నాన్నకు కావలసింది నువ్వు జారకుండా రావడమేనేమో," అని దీపంలో ఇంకొంచెం నూనె పోశాడు.

వాళ్ళు దిగేసరికి తల్లి గుమ్మంలోనే ఉంది. కూతురి కాళ్ళు చూసింది, అతని భుజం మీది చెయ్యి చూసింది. ముయోల్ గడప దగ్గర బూట్లు విప్పగానే, ఏ గిరాకీకీ చేయని పని చేసింది. వాటిని లోపలికి తెచ్చి, పొయ్యి పక్కన హేవన్ బూట్ల సరసన పెట్టింది.

"ఎందుకు పిన్నిగారూ, నేను..."

"ఇక నన్ను పిన్నీ అనకు బాబూ," అంది ఆవిడ, నూడుల్స్ గిన్నె ముందు పెడుతూ. "వరస కుదరదు."

హేవన్ తలెత్తకుండా అతని ముందు కిమ్చి జాడీ మొత్తం తెచ్చి పెట్టింది.